థీసిస్ రిఫరెన్సుల రిపేరుకి జాబ్‌రెఫ్: ఏది సరిచేస్తుంది, ఏది చేయదు

కమాండ్లు రాసి పీడీఎఫ్ తయారుచేసే లేటెక్‌లో కట్టిన థీసిస్‌లో రిఫరెన్సులు అడ్డదిడ్డంగా వస్తే అందరూ మొదట లేటెక్ మీదే పడతారు. స్టైల్ ఫైలు మారుస్తారు, ఒక ప్యాకేజీ తీసి ఇంకొకటి పెడతారు, సీనియర్ దగ్గర టెంప్లేట్ తెచ్చి మొత్తం అందులో పోస్తారు. తప్పు మాత్రం కదలదు. అది కనబడేది పీడీఎఫ్‌లోనే గానీ, కూర్చున్నది రిఫరెన్సుల వివరాలన్నీ ఉండే బిబ్ ఫైల్లో. ఆ ఫైలును శుభ్రం చేయడానికి ఉచితంగా దొరికేవాటిలో జాబ్‌రెఫ్‌ని మించింది లేదు. అయితే దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ చెయ్యి పట్టి ఆపాలో తెలియకుండా సబ్మిషన్ ముందు వారం మొదలుపెడితే, బాగున్న రిఫరెన్సులు కూడా పోతాయి.

జాబ్‌రెఫ్ 2003 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. జావాలో రాశారు, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది, జావా విడిగా ఎక్కించుకోనక్కర్లేదు. దీని అసలు సుగుణం, బిబ్ ఫైలే దాని డేటాబేస్ కావడం. రిఫరెన్సులు దాచుకునే ఇంకో ప్రోగ్రాం జోటెరోలో సమాచారం ఒక చోట ఉంటుంది, బిబ్ ఫైలు దాన్నుంచి ఎగుమతి అయి వస్తుంది. ఇక్కడ ఆ రెండంచెలు లేవు: తెరిచింది, సరిచేసింది, లేటెక్ చదివింది ఒకే ఫైలు. నెట్ లేకున్నా పని ఆగదు. ఇబ్బంది ఒకటే, బరువు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో పక్కన బ్రౌజర్ తెరిచి ఉంటే విసుగొచ్చేలా కదులుతుంది.

వర్డ్‌లో థీసిస్ రాస్తున్నవాళ్ళకి ఇది కాదు. వాళ్ళు జోటెరోతోనే ఉండడం మేలు. తిరుపతిలో ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్ళు, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ వాళ్ళు, లేటెక్‌లో రాసే ఇంకెవరైనా ఈ రివ్యూ చదవాల్సినవాళ్ళు. బాలాజీ కాలనీ చుట్టుపక్కల థీసిస్ పని చేసే డీటీపీ సెంటర్లకి ఇచ్చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. మార్జిన్లు, బైండింగ్ వాళ్ళకి వదిలేయొచ్చు. రిఫరెన్సులు మాత్రం ఎవరు చేసినా బిబ్ ఫైలు సరిచేసి తిరిగి ఇస్తారా అని ముందే అడగండి. పీడీఎఫ్ చూసి లిస్టు చేత్తో టైపు చేసి థీసిస్ పాఠం ఉండే టెక్ ఫైల్లోనే బిబ్‌ఐటమ్‌లుగా (బిబ్ ఫైలు లేకుండా నేరుగా రాసిన రిఫరెన్సులుగా) పెట్టేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎగ్జామినర్ ఒక పేపరు చేర్చమన్న రోజున నంబర్లు వాటంతటవే మారతాయి గానీ, వరుస మారదు, స్టైలు మారదు. మొత్తం మళ్ళీ చేత్తోనే.

ముందు ఏయుఎక్స్ ఫైలు

జాబ్‌రెఫ్‌లో మొదట వాడాల్సిన పనిముట్టు ఎవరూ చూడని మూలలో ఉంది. టూల్స్ మెనూలో ఏయుఎక్స్ ఫైలు ఆధారంగా కొత్త సబ్‌లైబ్రరీ తయారుచేసే కమాండ్ ఉంటుంది. లేటెక్ కంపైల్ చేసినప్పుడు పుట్టే ఏయుఎక్స్ ఫైల్లో థీసిస్‌లో నిజంగా సైట్ చేసిన (ఉదహరించిన) కీలన్నీ, అంటే ఒక్కో రిఫరెన్సుకి పెట్టుకున్న గుర్తింపు పేర్లన్నీ ఉంటాయి. ఆ ఫైలు చూపిస్తే జాబ్‌రెఫ్ మీ పెద్ద బిబ్ ఫైల్లోంచి వాడినవాటిని మాత్రమే ఏరి కొత్త ఫైలు చేస్తుంది. చాప్టర్లు ఇంక్లూడ్ కమాండ్‌తో తెచ్చినా ఫరవాలేదు, ఒక్కో చాప్టర్ ఏయుఎక్స్‌లోకి కూడా అదే దిగి చదువుతుంది. ఏళ్ళ తరబడి పేర్చిన రిఫరెన్సుల్లో థీసిస్‌కి సంబంధం లేనివన్నీ అక్కడే రాలిపోతాయి. వాటిని సరిచేస్తూ కూర్చోవడం వృథా.

అదే డైలాగ్‌లో తెలియని కీల జాబితా కూడా వస్తుంది. పీడీఎఫ్‌లో ప్రశ్నార్థకాలై కనబడేవాటిలో చాలా భాగం అక్కడ పేరుపేరునా ఉంటాయి. సాధారణంగా కారణాలు మూడు: కీలో పెద్దక్షరం చిన్నక్షరం తేడా, సైట్ కమాండ్‌లో రెండు కీల మధ్య కామా బదులు సెమీకోలన్, లేదా ఎవరో కీ మార్చేయడం.

ఈ మూడోదాన్ని తెచ్చిపెట్టేది జాబ్‌రెఫే. కంట్రోల్ జీ నొక్కితే సైటేషన్ కీలు తనంతట తనే తయారుచేస్తుంది. కొత్తగా చేర్చిన ఎంట్రీకి అది హాయి. ఫైల్లో అన్నిటినీ ఎంచుకుని నొక్కారంటే పాత కీలన్నీ కొత్త పద్ధతిలోకి మారిపోతాయి. టెక్ ఫైళ్ళలో ఉన్న పాత కీలను మార్చేవాళ్ళుండరు. తర్వాత కంపైల్ చేస్తే పేజీ నిండా ప్రశ్నార్థకాలే. ప్రిఫరెన్సెస్‌లో ఉన్న కీల మీద తిరగరాసే ముందు హెచ్చరించమనే టిక్కు పెట్టి ఉంచండి. రాయడం మొదలయ్యాక కీలు అందంగా లేకపోయినా వాటి జోలికి పోవద్దు. అవి పీడీఎఫ్‌లో ఎవరికీ కనబడవు.

ఇంకొక ఉచ్చు జోటెరో నుంచి వచ్చినవాళ్ళకి. జోటెరోలో బెటర్ బిబ్‌టెక్ ప్లగిన్ పెట్టుకుని, ఎగుమతి తాజాగా ఉంచమనే టిక్కు పెట్టి ఉంటే, బిబ్ ఫైలు ఎప్పటికప్పుడు తిరగరాయబడుతుంది. అదే ఫైలును జాబ్‌రెఫ్‌లో తెరిచి సాయంత్రమంతా సరిచేసినా, జోటెరోలో ఒక్క ఎంట్రీ ముట్టుకోగానే పని అంతా గాలికి పోతుంది. ఫైలుకి వేరే పేరు పెట్టి, టెక్ ఫైల్లో ఆ పేరే రాసి, అప్పుడు మొదలుపెట్టండి.

టైటిళ్ళలో పెద్దక్షరాలు

ఎగ్జామినర్లు ఎర్ర గీత గీసేది ఎక్కువగా ఇక్కడే. బిబ్ ఫైలు చదివి లిస్టు తయారుచేసే ప్రోగ్రాం బిబ్‌టెక్. దాని స్టైళ్ళలో ప్లెయిన్, అన్‌సార్ట్, ప్లెయిన్‌నాట్, ఐట్రిపుల్‌ఈట్రాన్ లాంటివి జర్నల్ పేపర్ల టైటిళ్ళలో మొదటి అక్షరం తప్ప మిగతావన్నీ చిన్నక్షరాలు చేస్తాయి. పుస్తకాల టైటిళ్ళని తాకవు. అందుకే ఒకే లిస్టులో కొన్ని బాగుండి కొన్ని పాడై, కారణం అంతుపట్టదు.

తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ రాడార్ మీద వచ్చిన పేపర్లు సైట్ చేసే వాతావరణ శాస్త్రం థీసిస్‌లో ఇది ఎలా ఉంటుందో చూడండి. ఆ పేపర్ల టైటిళ్ళలో ఎంఎస్‌టీ రాడార్ అని, పక్కనే గాదంకి అని, బ్రాకెట్లలో 13.5 డిగ్రీల ఎన్, 79.2 డిగ్రీల ఇ అని తరచుగా ఉంటుంది. స్టైల్ ఫైలు గుండా వెళ్ళొచ్చేసరికి ఎంఎస్‌టీ మూడక్షరాలూ చిన్నవైపోతాయి, గాదంకి మొదటి అక్షరం చిన్నదవుతుంది, ఉత్తరాన్ని తూర్పుని సూచించే ఎన్, ఇ కూడా చిన్నక్షరాలవుతాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన టైటిల్ అయితే డిగ్రీ గుర్తు ఉండాల్సిన చోట ఉత్త ఓ అక్షరం ఉంటుంది. జియాలజీ వాళ్ళకి ఇదే తంటా కడప బేసిన్‌తో, వృక్షశాస్త్రం వాళ్ళకి శేషాచలంతో, ఎర్రచందనం శాస్త్రీయ నామంతో. ప్రజాతి పేరు మొదటి అక్షరం చిన్నదైతే వృక్షశాస్త్రం ఎగ్జామినర్ ఊరుకోడు.

మందు తెలిసిందే: ఆ మాట చుట్టూ కర్లీ బ్రాకెట్లు. జాబ్‌రెఫ్‌లో చెక్ ఇంటెగ్రిటీ నడిపితే బ్రాకెట్లు లేని పెద్దక్షరాలున్న టైటిళ్ళన్నీ వరుసగా చూపిస్తుంది. టైటిల్ పెట్టెలో మాట ఎంచుకుని, రైట్ క్లిక్‌తో ప్రొటెక్ట్ చేయొచ్చు. ఇంకా సులువు, ప్రిఫరెన్సెస్‌లో ప్రొటెక్టెడ్ టర్మ్స్ కింద సొంత జాబితా పెట్టుకోవడం. ఎంఎస్‌టీ, గాదంకి, తిరుపతి, కడప, శేషాచలం, మీ మొక్కల పేర్లు, ఒక్కో లైనుకి ఒకటి. క్లీనప్ ఎంట్రీస్‌లో టైటిల్ ఫీల్డుకి ప్రొటెక్ట్ టర్మ్స్ అనే ఫార్మాటర్ జతచేసి నడిపితే ఫైలంతా ఒక్క దెబ్బతో అయిపోతుంది. ఈ ఒక్క సదుపాయం కోసమే జాబ్‌రెఫ్ ఎక్కించుకోవచ్చు.

టైటిల్ మొత్తాన్ని రెండు జతల బ్రాకెట్లలో పెట్టేసే పద్ధతి చాలామంది వాడతారు. అప్పటికి పని జరుగుతుంది. కానీ ఒక పేపరు టైటిల్ ప్రతి మాటకీ పెద్దక్షరంతో, ఇంకోటి మొదటి మాటకే పెద్దక్షరంతో అలాగే అచ్చవుతాయి, లిస్టు అతుకుల బొంతలా ఉంటుంది. బిబ్‌టెక్ స్టైళ్ళ బదులు వాడే ప్యాకేజీ బిబ్‌లేటెక్. దాని మామూలు న్యూమరిక్, ఆథర్‌ఇయర్ స్టైళ్ళు టైటిల్ని ఉన్నదున్నట్టు వదిలేస్తాయి కనుక వాటిలో కూడా ఇదే సమస్య. అక్కడ టైటిళ్ళను ఒక పద్ధతిలోకి తెచ్చుకోవాల్సింది మీరే.

మన పేర్లు

జాబ్‌రెఫ్‌కి మార్కులు తగ్గేది ఇక్కడ. దాని తప్పు కూడా కాదు, బిబ్‌టెక్ పేరును చదివే పద్ధతే అలాంటిది. కామా లేకపోతే చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది. కె. వెంకట రమణారెడ్డిలో రెడ్డి విడిగా రాసి ఉంటే రెడ్డి ఇంటిపేరవుతుంది, జర్నళ్ళు కూడా అలాగే వేస్తాయి, సరే. ఇంటిపేరు ముందు పూర్తిగా రాసే తెలుగు పుస్తకాల పేర్లలో మాత్రం వ్యవహారం తలకిందులవుతుంది. క్లీనప్‌లో పేర్లను నార్మలైజ్ చేసే ఫార్మాటర్ ఉంది. అది గుడ్డిగా చివరి మాటను ముందుకు తెచ్చి కామా పెడుతుంది. అలాంటి పేర్లను ముందే మీరు కామాతో రాసి పెడితే వాటిని కదపదు.

సంస్థల పేర్లతో అయితే నవ్వాలో ఏడవాలో తెలియదు. రచయిత ఫీల్డులో తిరుమల తిరుపతి దేవస్థానమ్స్ అని ఇంగ్లీషులో మామూలుగా రాస్తే, లిస్టులో దేవస్థానమ్స్, టి. టి. అని వస్తుంది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా కూడా ఇలాగే ఇంటిపేరు ఇండియా అయిన మనిషిగా మారిపోతుంది. కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ ఇంగ్లీషు పేరులో కామా ఒకటి, అండ్ ఒకటి ఉన్నాయి. కాబట్టి బిబ్‌టెక్ దాన్ని ఇద్దరు రచయితలుగా చీలుస్తుంది: మొదటాయన పేరు ఫారెస్ట్, రెండో ఆయన క్లైమేట్ చేంజ్. దేవస్థానం లాంటి పేర్ల మీద చెక్ ఇంటెగ్రిటీ నోరు మెదపదు, ఎందుకంటే దాని లెక్క ప్రకారం అవి సలక్షణమైన మనుషుల పేర్లే. నార్మలైజ్ ఫార్మాటర్ నడిపారంటే తప్పు ఫైల్లోనే శాశ్వతంగా కూర్చుంటుంది. కనుక రచయిత కాలమ్ మీద నొక్కి వరుస పెట్టి, సంస్థల పేర్లన్నిటికీ చేత్తో అదనపు బ్రాకెట్ల జత పెట్టండి. క్లీనప్ ఆ తర్వాతే.

ఇనీషియల్స్ దగ్గర చుక్క తర్వాత ఖాళీ ముఖ్యం. కె. వి. అని ఖాళీతో రాస్తే రెండక్షరాలు, కె.వి. అని అతికించి రాస్తే బిబ్‌టెక్‌కి అది ఒకే మాట, పేర్లు కుదించే స్టైల్లో వి పోయి కె మాత్రమే మిగులుతుంది. గూగుల్ స్కాలర్ నుంచి తెచ్చిన ఎంట్రీల్లో కేవీ అని చుక్కలే లేకుండా కూడా వస్తుంది. బిబ్‌లేటెక్ ఆథర్‌ఇయర్ స్టైల్లో దీని లక్షణం వేరేగా కనబడుతుంది: వాక్యం మధ్యలో రెడ్డి (2009) అని రావాల్సిన చోట కె. రెడ్డి (2009), కె. వి. రెడ్డి (2011) అని ఇనీషియల్స్‌తో వస్తాయి. ఇద్దరు వేర్వేరు రెడ్లనుకుని అది తేడా చూపిస్తోందన్నమాట. యునీక్‌నేమ్ ఆప్షన్ ఫాల్స్ చేస్తే ఇనీషియల్స్ పోతాయి గానీ, మన దగ్గర నిజంగానే వేర్వేరు రెడ్లు, నాయుళ్ళు, రావులు ఒకే అధ్యాయంలో ఉంటారు. వాళ్ళ తేడా కూడా పోతుంది. పేరును అన్ని ఎంట్రీల్లో ఒకే రూపంలోకి తేవడమే సరైన పని. వెతికి మార్చడం జాబ్‌రెఫ్‌లో తేలిక.

రచయితల మధ్య కామాలు పెట్టడం ఇంకో సాధారణమైన తప్పు. బిబ్ ఫైల్లో ఇద్దరి మధ్య అండ్ ఒక్కటే ఉండాలి. పేరులో కామాలు ఎక్కువయ్యాయని బీఎల్‌జీ ఫైల్లో (బిబ్‌టెక్ రాసే లాగ్) ఎర్రర్ వస్తే అదే సంగతి. చివర ఎట్ ఆల్ అని టైపు చేసినచోట అండ్ అదర్స్ అని మార్చండి. ఎక్కడ కుదించాలో స్టైలే చూసుకుంటుంది. గూగుల్ స్కాలర్ పొడుగు జాబితాల్ని తనే అండ్ అదర్స్‌తో కోసేస్తుంది. ఏపీఏ 7 స్టైల్లో ఇరవై మంది వరకు రచయితలందరినీ లిస్టులో వేయాలి కాబట్టి అలాంటి ఎంట్రీల్ని డీఓఐ (పేపరుకుండే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు నంబరు) నుంచి మళ్ళీ తెచ్చుకోవాలి.

డీఓఐతో తిరిగి తెచ్చుకోవడం జాబ్‌రెఫ్ బలాల్లో ఒకటి. ఎంట్రీలో డీఓఐ ఉంటే ఒక్క నొక్కుతో ప్రచురణకర్త ఇచ్చిన వివరాలు తెచ్చి, మీ ఎంట్రీ పక్కన పెట్టి చూపిస్తుంది. ఏ ఫీల్డు ఎటునుంచి తీసుకోవాలో మీరే ఎంచుకోవాలి. కళ్ళు మూసుకుని కుడివైపువన్నీ తీసుకోవద్దు. అక్కడి టైటిల్లో మీరు పెట్టిన బ్రాకెట్లు ఉండవు. డీఓఐ ఫీల్డులో 10తో మొదలయ్యే భాగం మాత్రమే ఉండాలి. ముందు వెబ్ అడ్రసు కూడా ఉంటే కొన్ని స్టైళ్ళలో అడ్రసు రెండుసార్లు అచ్చవుతుంది.

డూప్లికేట్లు పట్టడం కూడా బాగానే చేస్తుంది. వాక్యంలో ఎక్కడైనా 2012ఎ, 2012బి అని కనబడి, లిస్టులో ఆ రెండూ ఒకే పేపరైతే డూప్లికేట్ ఉన్నట్టే. రెండింటినీ కలిపినప్పుడు ఒక కీ చచ్చిపోతుంది. ఆ కీని టెక్ ఫైళ్ళలో వెతికి మార్చాల్సింది మాత్రం మీరే.

జర్నల్ పేర్లు కుదించే సదుపాయం గురించి రెండు మాటలు చాలు. పెద్ద జర్నళ్ళకి బాగా పనిచేస్తుంది, దేశీయ జర్నళ్ళు జాబితాలో లేకపోతే అలాగే వదిలేస్తుంది. వాటికి సొంత సీఎస్‌వీ ఫైలు చేర్చుకోవచ్చు. ఇండియన్ జర్నల్ ఆఫ్ రేడియో & స్పేస్ ఫిజిక్స్ పేరులో ఉన్న & గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే కంపైల్ మధ్యలో అలైన్‌మెంట్ ట్యాబ్ తప్పుచోట ఉందని ఎర్రర్ వస్తుంది. ఏ లైనులో తప్పో చూస్తే బిబ్‌టెక్ తయారుచేసిన బీబీఎల్ ఫైలు చూపిస్తుంది, అక్కడ సరిచేస్తే తర్వాతి రన్‌లో మళ్ళీ వస్తుంది. బీబీఎల్ ఎప్పుడూ ముట్టుకోవద్దు, బిబ్‌లోనే మార్చాలి. చెక్ ఇంటెగ్రిటీ ఈ & గుర్తుల్నీ, వెబ్ పేజీల నుంచి అంటుకొచ్చే హెచ్‌టీఎంఎల్ ముక్కల్నీ పట్టిస్తుంది.

జాబ్‌రెఫ్ చేతిలో లేనివి

బిబ్ ఫైలు అద్దంలా ఉన్నా ప్రశ్నార్థకాలు పోకపోతే రన్‌ల వరుస చూడండి. లేటెక్, తర్వాత బిబ్‌టెక్ లేదా (బిబ్‌లేటెక్‌కి దాని బదులు వాడే) బైబర్, మళ్ళీ లేటెక్ రెండుసార్లు. బిబ్‌లేటెక్ వాడుతూ ఎడిటర్‌లో బిబ్‌టెక్ నడుపుతుంటే ఎన్నిసార్లు నొక్కినా లిస్టు రాదు. టెక్‌స్టూడియో ఎడిటర్‌లో ఆప్షన్స్ కింద బిల్డ్ పేజీలో డిఫాల్ట్ బిబ్లియోగ్రఫీ టూల్ అని ఉంటుంది, అక్కడ బైబర్ పెట్టాలి. పెట్టాక కూడా కంట్రోల్ ఫైలు (బీసీఎఫ్) వెర్షన్ సరిపోలేదని బైబర్ మొరాయిస్తే బిబ్‌లేటెక్, బైబర్ రెండూ వేర్వేరు కాలాలవి. ఇంట్లో కొత్త టెక్ లైవ్ (లేటెక్ ప్రోగ్రాంలన్నీ కలిసి వచ్చే కట్ట), ల్యాబ్ కంప్యూటర్లో పాతది ఉన్నప్పుడు ఇది రాక తప్పదు. రెండింటినీ కలిపి అప్‌డేట్ చేయాలి, ఒక్కదాన్నే చేస్తే మళ్ళీ అంతే. పని ఆన్‌లైన్ ఎడిటర్ ఓవర్‌లీఫ్‌లోకి మార్చినా పాత రన్‌లలో చెడిన ఫైళ్ళు వెంటాడతాయి. మొదటి నుంచి రీకంపైల్ చేసే ఆప్షన్ నొక్కాలి. సొంత కంప్యూటర్లో అయితే ఏయుఎక్స్, బీబీఎల్, బీసీఎఫ్ ఫైళ్ళు తుడిచేసి మొదలుపెట్టడం అదే పని.

బిబ్లియోగ్రఫీ ఆథర్-ఇయర్ సైటేషన్లకి సరిపోదని సైటేషన్ల ప్యాకేజీ నాట్‌బిబ్ ఎర్రర్ ఇస్తే, ప్యాకేజీ ఒకటి అడుగుతోంది, స్టైల్ ఇంకోటి ఇస్తోంది. ప్లెయిన్ బదులు ప్లెయిన్‌నాట్ పెట్టండి, లేదా నాట్‌బిబ్‌కి నంబర్స్ ఆప్షన్ ఇవ్వండి. సైట్ (cite) ప్యాకేజీని నాట్‌బిబ్‌తో గానీ బిబ్‌లేటెక్‌తో గానీ కలిపి పెట్టకూడదు. సీనియర్ల టెంప్లేట్లలో ఇవి పక్కపక్కనే దొరుకుతుంటాయి.

నంబర్ల పద్ధతి వాడేవాళ్ళకి వచ్చే ఒక విచిత్రమైన తప్పు చాలామంది గైడ్లకి కూడా అంతుచిక్కదు. మొదటి అధ్యాయం మొదటి సైటేషన్ 1 కాకుండా 7తో మొదలవుతుంది. 1 నుంచి 6 ఎక్కడో మూడో అధ్యాయంలో తేలతాయి. ఆ ఆరూ బొమ్మల కింద క్యాప్షన్లలో ఉన్నవి. ముందు పేజీల్లో లిస్ట్ ఆఫ్ ఫిగర్స్ అచ్చయినప్పుడు ఆ క్యాప్షన్లు అక్కడ మొదట వస్తాయి, అన్‌సార్ట్ స్టైల్ వాటికే మొదటి నంబర్లు ఇచ్చేస్తుంది. క్యాప్షన్ కమాండ్‌కి చదరపు బ్రాకెట్లలో సైటేషన్ లేని చిన్న క్యాప్షన్ ఇస్తే లిస్టులోకి అదే వెళ్తుంది, వరుస సర్దుకుంటుంది. బొమ్మలు ఎక్కువైతే నోటాక్‌సైట్ (notoccite) ప్యాకేజీ పెట్టడం చాలు. వరుస సరిపోయాక కూడా 5, 3, 4 అని చిందరవందరగా ఉంటే నాట్‌బిబ్‌కి సార్ట్, కంప్రెస్ రెండూ కలిసిన ఆప్షన్ ఇవ్వండి, 3–5 అని వస్తుంది.

ప్రతి అధ్యాయం చివర రిఫరెన్సులు కావాలని అడిగే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. బిబ్‌టెక్‌తో అయితే చాప్టర్‌బిబ్ ప్యాకేజీ. అది ఇంక్లూడ్‌తో తెచ్చిన ఫైళ్ళకే పనిచేస్తుంది, ఇన్‌పుట్‌తో తెచ్చినవాటికి కాదు. పైగా ఒక్కో అధ్యాయం ఏయుఎక్స్ మీద బిబ్‌టెక్ విడివిడిగా నడపాలి. బిబ్‌లేటెక్‌లో రెఫ్‌సెక్షన్ ఆప్షన్‌కి చాప్టర్ అని ఇచ్చి, ప్రతి అధ్యాయం చివర ప్రింట్‌బిబ్లియోగ్రఫీ రాస్తే సరి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు రెండోదాన్నే ఎంచుకోవాలి, ఆలోచించే పని లేదు.

పొడుగు వెబ్ అడ్రసులు కుడి మార్జిన్ దాటి పోవడం ఇంకో పీడ. ఎక్స్‌యూఆర్ఎల్ ప్యాకేజీ పెడితే అడ్రసు ఏ అక్షరం దగ్గరైనా విరుగుతుంది. డీఓఐ ఉన్న పేపర్లకి వేరే అడ్రసు అక్కర్లేదు; బిబ్‌లేటెక్‌లో యూఆర్ఎల్ ఫాల్స్ చేయండి, ఆన్‌లైన్ రకంగా పెట్టిన వెబ్ పేజీల్లాంటి ఎంట్రీలకి అది ఎలాగూ చూపిస్తుంది. ఎడమవైపు బైండింగ్‌కి ఒకటిన్నర అంగుళం వదిలిన పేజీలో లైను వెడల్పు తగ్గుతుంది కనుక ఈ ఓవర్‌ఫుల్ లైన్లు మామూలు కంటే ఎక్కువగా వస్తాయి.

సంస్కృతం, తెలుగు రిఫరెన్సులు

జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం వాళ్ళకి, తెలుగు పుస్తకాలు సైట్ చేసే చరిత్ర, సాహిత్యం వాళ్ళకి పాత బిబ్‌టెక్ పనికిరాదు. అది అక్షరాల్ని బైట్లుగా చూస్తుంది. పేరు కుదించే స్టైల్లో వెంకట అనే తెలుగు పేరు మొదటి అక్షరం తీసుకోమంటే వ అనే అక్షరంలో మూడో వంతు తీసుకుంటుంది, యూటీఎఫ్-8 చెల్లదని ఎర్రర్ వస్తుంది. గీతలు, చుక్కలు పెట్టిన రోమన్ లిపి సంస్కృతం అక్షర క్రమంలో తప్పుచోట పడుతుంది. బైబర్ ఈ రెండింటినీ యూనికోడ్ ప్రకారం చూస్తుంది. తెలుగు పేర్లకి గివెన్‌ఇనిట్స్ ఆప్షన్ ఫాల్స్‌గానే ఉంచి పూర్తి పేరు వేయడం మంచిది.

కంపైలర్ జీలేటెక్ (XeLaTeX) గానీ లువాలేటెక్ (LuaLaTeX) గానీ ఉండాలి. లువాలేటెక్ అయితే ఫాంటు ఎంచుకునే చోట రెండరర్ హార్ఫ్‌బజ్ అని ఇవ్వకపోతే ఒత్తులు విడిపోతాయి. శ్రీ అని రాయాల్సిన చోట శ పక్కన ర వత్తు వేలాడుతూ కనబడుతుంది. జాబ్‌రెఫ్ ఫైలు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8లో ఉందో లేదో చూసుకోండి, క్లీనప్‌లో యూనికోడ్ నుంచి లేటెక్‌లోకి మార్చే ఫార్మాటర్ని ఈ పనికి తీసేయండి. అది పాత బిబ్‌టెక్ కోసం పెట్టింది.

డీటీపీలో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు గ్రంథసూచి ఉంటే దాన్ని నేరుగా బిబ్‌లో అతికించలేరు. తెర మీద తెలుగులా కనబడినా లోపల ఉన్నది రోమన్ అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులు, సున్నాలు ఒక్కో పేరులో చూసుకుని, అప్పుడే ఎంట్రీలు చేయాలి. ఇందులో దగ్గరదారి లేదు.

ప్రింటుకి ముందు

జాబ్‌రెఫ్ పని అయ్యాక టెక్ లైవ్‌తో పాటే వచ్చే చెక్‌సైట్స్ అనే చిన్న స్క్రిప్టు ఏయుఎక్స్ మీద నడపండి. బిబ్‌లో ఉండి వాడనివి, వాడి బిబ్‌లో లేనివి రెండూ చెప్తుంది. బైబర్ వాడేవాళ్ళు బ్యాకెండ్ బైబర్ అని చెప్పి బీసీఎఫ్ ఫైలు ఇవ్వాలి. బీఎల్‌జీ ఫైల్లో జర్నల్ ఖాళీ, సంవత్సరం ఖాళీ అన్న వార్నింగులు పీడీఎఫ్‌లో కనబడని లోపాల్ని చెప్తాయి, వాటిని వదలొద్దు.

రిఫరెన్సుల పేజీ విషయసూచికలో లేకపోతే బిబ్‌లేటెక్‌లో హెడింగ్‌కి బిబ్‌ఇన్‌టాక్ ఇవ్వండి, బిబ్‌టెక్‌తో అయితే టాక్‌బిబ్‌ఇండ్ ప్యాకేజీ. చేత్తో లైను చేరిస్తే పేజీ నంబరు ఒకటి తక్కువగా పడే ప్రమాదం ఉంది.

పీడీఎఫ్‌లో లింకులు పెట్టే హైపర్‌రెఫ్ ప్యాకేజీలో లింకులకి రంగులు ఇచ్చి ఉంటే, ఆ ఆకుపచ్చ సైటేషన్లు నలుపు-తెలుపు ప్రింటులో వెలిసిపోయిన బూడిద రంగులో వస్తాయి. బైండింగ్‌కి వెళ్ళే కాపీకి హైడ్‌లింక్స్ పెట్టి విడిగా కంపైల్ చేయండి. థీసిస్‌ల ఆన్‌లైన్ భండారం శోధ్‌గంగకి ఎక్కించే పీడీఎఫ్‌లో రంగులు ఉన్నా నష్టం లేదు.